డ్రాయింగ్ మేడమ్ కడుపుమంట

సునీత ఈ సంగతులన్నీ నాకు తనే చెప్పింది. ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు స్కూల్లో మేమిద్దరం తొమ్మిదేళ్ళుగా కలిసి పనిచేస్తున్నాం. నేను తెలుగు చెబుతాను, ఆమె బొమ్మలు నేర్పుతుంది. చెప్పేటప్పుడు తనకు అనుకూలంగా ఏదీ మార్చలేదనే నా నమ్మకం. మార్చి ఉంటే ఇందులో ఆమె ఇంకొంచెం మంచి మనిషిగా కనిపించి ఉండేది.

ఆమెది ఆదోని. తల్లి ఉరుకుందమ్మ ఇరవై ఎనిమిదేళ్ళు జిన్నింగు మిల్లులో పత్తి ఏరే పని చేసింది. తండ్రి సునీతకు ఊహ తెలియకముందే పోయాడు. క్యాలెండర్లలోని దేవుళ్ళను పలక మీదికి దించడంతో ఆమె చదువు మొదలైంది. డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షలు రెండూ మంచి మార్కులతో పాసైంది. కర్నూలులో ఎండాకాలం ట్రైనింగు చేసి టీచరు సర్టిఫికెట్టు తెచ్చుకుంది. గవర్నమెంటు పోస్టు కోసం ఎదురుచూస్తుండగానే ఎమ్మిగనూరు ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్కుగా ఉన్న దేవేంద్రతో పెళ్ళయింది. పోస్టు రాలేదు. మా స్కూలు దొరికింది.

మా స్కూల్లో ఆమె చెయ్యి పడని గోడ లేదు. గేటు పక్కన సరస్వతి, మెట్ల దగ్గర చిలకలు, ఆఫీసు రూము బయట దేశపటం. అన్నీ కరస్పాండెంటు పుస్తకంలో వేలు పెట్టి చూపించినవే. ఆ బొమ్మ మీద పెన్సిలుతో గడులు గీసి, గోడ మీద అంతకు పదింతల గడులు గీసి, గడికి గడి దించేది. ముఖం ఇంత ఉంటే మనిషి ఎంత ఉండాలో, కంటికీ కంటికీ మధ్య ఎంత ఎడం ఉండాలో ఆమెకు నోటికి వచ్చు. వీధిలో ఎవరింట పెళ్ళయినా వాకిట్లో ముగ్గు కోసం ఆమెనే పిలిచేవాళ్ళు. ఎమ్మిగనూరులో డ్రాయింగ్ మేడమ్ అంటే సునీత ఒక్కతే. ఆ 'ఒక్కతే' అన్న మాట తనకెంత ఇష్టమో పోయిన ఏడాది దాకా ఆమెకే తెలియదు.

పోయిన ఏడాది జాతర ముగిసిన వారానికి, ఒక పొద్దున దేవేంద్ర డ్యూటీ దిగి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోంచే పిలిచాడు.

"ఏమ్మే, బస్టాండు ఎనక గోదాము గోడ సూసినావా? ఎవురో బొమ్మలేసినారు. ఒక కోడి ఉండాది సూడు, ఇప్పుడో ఇంకాసేపటికో కూస్తాదేమో అన్నట్ల ఉండాది. స్కూలుకు పోతా పోతా సూసిపో."

సునీత వెళ్ళి చూసింది. అది పాత పత్తి గోదాము. పొడుగాటి గోడ, ఏళ్ళ తరబడి సున్నం పడక బూడిదరంగుకు తిరిగింది. దాని మీద బొగ్గుతోనూ ఎర్ర జాజుమట్టితోనూ ఒక వరుస మనుషులు. సుగ్గికి పోతున్నారు. వానల్లేక ఊళ్ళో పని దొరకని నెలల్లో ఊళ్ళకు ఊళ్ళు తలుపులకు తాళాలేసుకుని గుంటూరు వైపు మిరపకోతలకు పోవడాన్ని మా వైపు సుగ్గి అంటారు. నెత్తిన మూటలు, చంకన పిల్లలు. ఒకామె నెత్తి మీది గంపలోంచి కోడి మెడ బయటపెట్టింది. మనుషులందరూ లారీ వైపు చూస్తుంటే కోడి ఒక్కటే ఊరి వైపు చూస్తోంది. వరుస చివర తాళం వేసిన తలుపు. తాళం మనిషి తలకాయంత ఉంది.

సునీత ముందుగా తప్పులు వెతికింది. చేతులు కాళ్ళకంటే పొడుగు. ఒకామెకు మెడే లేదు. దూరంగా ఉన్న లారీ చిన్నగా కనపడాలి కదా, దగ్గరున్న మనుషులకంటే పెద్దదిగా ఉంది. అట్లా పదకొండు తప్పులు దొరికాయి. పన్నెండోది వెతుకుతుంటే సంతకొచ్చిన పల్లెటూరి ముసలామె ఒకతె గోడ దగ్గరికంటా పోయి, గంప మోస్తున్న బొమ్మను అడిగింది.

"ఏ ఊరోళ్ళమ్మా మీరు? యాడికి పోతాండారు, గుంటూరికేనా?"

అడిగాక తన వెర్రికి తనే నవ్వుకుంది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"అప్పుడంటుకుంది సార్ నాకు" అంది సునీత నాతో. "నా సరస్వతి గేటు దగ్గర ఎన్నేళ్ళుగా నిలబడి ఉంది? దాన్ని ఎవరూ ఏమీ అడగలేదు."

ఆ రోజు ఆమె క్లాసులో పిల్లల మీద ఊరికే అరిచింది. ఏడో తరగతి పిల్లలు గోదాము కోడిని నోటుపుస్తకాల వెనక గీసుకుని వచ్చారు. అది పాఠంలో లేదని పేజీలు చింపించింది.

వేసిందెవరో తెలుసుకోవడానికి రెండు రోజులు కూడా పట్టలేదు. బస్టాండు దగ్గర జొన్నరొట్టెలు చేసి అమ్మే హులిగమ్మ. పెద్దకడుబూరు వైపు పల్లె ఆమెది. మొగుడు రంగన్న మార్కెట్టులో హమాలీ. సునీత రొట్టెలు కొనే నెపంతో వెళ్ళింది. ముప్ఫై రెండు ముప్ఫై మూడేళ్ళ మనిషి, బండ మీద పిండి ముద్ద పెట్టి అరచేత్తో కొడుతూ తిప్పుతోంది. రొట్టె తిరిగిన కొద్దీ పెద్దదవుతోంది, అంచు ఎక్కడా చీలడం లేదు. కొలతా లేదు, గీతా లేదు, అయినా గుండ్రంగా ఉంది. సునీతకు అది చూసినా మండింది.

"మీరు బొమ్మల మేడమ్ గదా" అంది హులిగమ్మ తలెత్తి. "మా అన్న కూతురు మీ స్కూల్లోనే సదువుతాంది. మీరేసిన సరస్వతమ్మ శానా సక్కగుంటాదని సెప్పింది."

"గోదాము గోడ మీద నువ్వేనా వేసింది?"

"అవును మేడమ్."

"ఎవర్ని అడిగి వేసినావు?"

హులిగమ్మ రొట్టెను పెనం మీద వేసి, నీళ్ళ గుడ్డతో పైన తుడిచింది. "ఎవుర్ని అడగల్ల? గోడ వట్టిగ పడుండాది. వాళ్ళకేమి బరువు?"

"ఎక్కడ నేర్చుకున్నావు?"

"యాడ నేర్సుకుంటాను? సుగ్గికి పదకొండేళ్ళు పోతిని మేడమ్. నడుము పోయినాక మానేసి ఈడ కూసున్యా. మావోళ్ళను ఎక్కించుకున్న లారీలు ఈ రోడ్డునే పోతాయి. పోయేవాళ్ళు చెయ్యి ఊపుతారు, నేనూ ఊపుతాను. ఆ పొద్దంతా నాకి రొట్టె రాదు, మాట రాదు. ఒకనాడు పొయ్యిలో బొగ్గు తీసుకొని పోయి గీసినాను. గీసినాక అన్నం తినబుద్ధయినాది. అంతే."

సునీత రొట్టెలు తీసుకుని ఇంటికొచ్చింది కానీ తినలేదు. తనకు సర్టిఫికెట్టు ఉంది. ఫ్రేము కట్టించి ముందుగదిలో పెట్టుకుంది. దాని కింద కూర్చుని, గీయకపోతే అన్నం తినబుద్ధి కాని రోజు తనకు ఎప్పుడైనా ఉందా అని వెతుక్కుంది. దొరకలేదు.

వారం తిరిగేసరికి జిల్లా పేజీలో ఆ గోడ ఫోటో వచ్చింది. కరస్పాండెంటు ఆ పేపరు పట్టుకుని స్టాఫు రూములోకి వచ్చి, "చూడండి సునీతగారూ, చదువు లేనామె ఎట్లా వేసిందో. మీరూ ఇట్లాంటిది ఏదన్నా ట్రై చెయ్యకూడదా?" అన్నాడు. ఆయన మంచికే అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. ఆమె "అట్లాగే సార్" అని నవ్వింది. ఆ నవ్వు వెనక ఏముందో నాకు అప్పుడు తెలియలేదు.

ఆ మధ్యాహ్నమే ఆమె గోదాము గుమాస్తాకు ఫోను చేసింది. పేరు చెప్పలేదు. "మీ గోడను పాడుచేస్తున్నారు. ఈ రోజు బొమ్మలు, రేపు పార్టీవాళ్ళ రాతలు పడతాయి, మీ ఇష్టం" అని పెట్టేసింది. మూడో రోజుకల్లా ఇద్దరు కూలీలు వచ్చి గోడ మొత్తం సున్నం కొట్టేశారు. కోడి పోయింది, తాళం పోయింది, మనుషులందరూ పోయారు. సునీత స్కూలు నుంచి వచ్చేటప్పుడు ఆ దారినే వచ్చి చూసింది. ఎండలో గోడ కళ్ళు జిగేల్‌మనేట్టు ఉంది. ఇంటికి పోయి పాయసం చేసుకుంది.

"ఏం విశేషం?" అన్నాడు దేవేంద్ర.

"ఊరికే, తినాలనిపించింది."

నాలుగు రోజుల తర్వాత హులిగమ్మ మళ్ళీ వేసింది. ఈసారి తెల్లటి గోడ మీద బొగ్గు మరింత నల్లగా, జాజు మరింత ఎర్రగా లేచాయి. గుమాస్తాయే వచ్చి చూసి, ఒకడు ఫోటో తీసుకుంటుంటే పక్కన నిలబడ్డాడట. "ఏ పుణ్యాత్ముడు సున్నం కొట్టించినాడో, నా బొమ్మలు ఎంత బాగా కనపడతాండాయో!" అని హులిగమ్మ రొట్టెలు కొనే వాళ్ళందరికీ చెప్పింది. సునీతకూ చెప్పింది. సునీత ఆ మాట వింటూ చిల్లర కింద పడేసుకుంది.

ఇక ఈ కథలో ఆమె నాకు తలదించుకుని చెప్పిన భాగం. ఫాల్గుణమాసంలో ఒక ఆదివారం హులిగమ్మ రొట్టెల మూట పట్టుకుని సునీత ఇంటికి వచ్చింది. కూర్చోమంటే గుమ్మం దగ్గరే కూర్చుంది. గోడ మీది సర్టిఫికెట్టును చాలాసేపు చూసింది.

"అక్కా, నాకి చేతులు రావు. ఏలు ఏలు ఏరుగా కనపడల్ల గదా, నేనేస్తే కట్టెపుల్లల మాదిరి వస్తాండాయి. సదువుకున్నదానివి నువ్వు. కొంచెం నేర్పుతావా?"

సునీత నేర్పింది. అయిదు ఆదివారాలు నేర్పింది. స్కేలు ఇచ్చింది. మనిషి ఏడున్నర తలల ఎత్తు ఉండాలంది. దూరంగా ఉన్నది చిన్నగా ఉండాలంది. తాళం తలంత ఉండకూడదంది. కోడి కంటే మనిషి ముఖ్యం కాబట్టి కోడిని వెనక్కి జరపమంది. ముందు గడులు, తర్వాత గీతలు, ఆ తర్వాతే బొమ్మ అంది. చెప్పిన ప్రతి మాటా పుస్తకంలో ఉన్నదే, ఒక్కటీ అబద్ధం కాదు. హులిగమ్మ తల ఊపుతూ, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, తప్పు గీస్తే లెంపలు వేసుకుంటూ నేర్చుకుంది.

"నీకు తెలిసే చేసినావా?" అని నేను అడిగాను.

"తెలిసే చేసినాను సార్. మొదటి ఆదివారమే ఆమె గీత చచ్చిపోవడం నాకు కనపడింది. ఆపి ఉండొచ్చు. ఇంకో కాగితం ఇచ్చినాను."

ఆ తర్వాత హులిగమ్మ గోదాము గోడ మీద కొంచెం చోటు తుడుచుకుని కొత్త బొమ్మ వేసింది. మిరపతోటలో కోతలు. గడులు గీసి, స్కేలు పెట్టి వేసింది. మనుషులంతా ఒకే ఎత్తు. చేతులకు అయిదేసి వేళ్ళు సరిగ్గా ఉన్నాయి. ఎవరూ ఆగలేదు. మోటారు సైకిళ్ళు ఆగలేదు, సంతకొచ్చిన వాళ్ళు ఆగలేదు. రొట్టెలు కొనడానికి వచ్చిన ఒక ముసలామె అటు తిరిగి చూసి, "ఇది ఈమె ఏసినాది కాదులే, ఎవురో బడిపిల్లోళ్ళు ఏసుంటారు" అంది. ఆ సాయంత్రం హులిగమ్మే తడిగుడ్డతో ఆ బొమ్మ తుడిచేసింది. తర్వాత బొగ్గు ముట్టుకోలేదు. ఎవరైనా అడిగితే, "నేర్సుకున్నాక తెలిసినాదప్పా, నాకి రాదని" అనేది.

సునీత గెలిచింది. ఎమ్మిగనూరులో మళ్ళీ ఒక్కతే. కొన్నాళ్ళు హాయిగా ఉందట. వీధిలో ఒక పెళ్ళికి పెద్ద ముగ్గు వేసింది, అందరూ మెచ్చుకున్నారు. దేవేంద్ర మాత్రం ఒక రోజు భోంచేస్తూ అన్నాడు.

"ఆ రొట్టెలామె బొమ్మలు మానేసినాదంట. గోడ ఒక పక్క బోసిగుండాది. నువ్వన్నా ఏదన్నా ఏయకూడదామ్మే?"

"ఏం వేయాలి?"

"నాకేం తెల్సు? నీకు ఏది ఏయాలనిపిస్తే అది."

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. తనకు ఏది వేయాలనిపిస్తోంది? మర్నాడు స్కూల్లో ఖాళీ పీరియడంతా తెల్లకాగితం ముందు కూర్చుంది. గులాబీ వచ్చింది. చిలక వచ్చింది. సరస్వతి వచ్చింది. కాగితం ఉండచుట్టి పారేసింది. హులిగమ్మను మాన్పించింది కానీ, హులిగమ్మకు ఉన్నది తన దగ్గరికి రాలేదు. ఆ కోపం కూడా ఆమె హులిగమ్మ మీదే పెట్టుకుంది.

ఎండాకాలం సెలవులకు ఆదోనికి పోయింది. ఉరుకుందమ్మ ఇప్పుడు మిల్లుకు పోవడం లేదు. మిల్లే మూతపడింది. ఒక మధ్యాహ్నం తల్లి తలకు నూనె రాస్తుంటే సునీతకు చిన్నప్పటి సంగతొకటి గుర్తొచ్చింది. మిల్లు నుంచి వచ్చేటప్పటికి తల్లి తల మొత్తం పత్తి నూగుతో తెల్లగా ఉండేది. అప్పటికి ఉరుకుందమ్మకు పాతికేళ్ళు. రోజూ సాయంత్రం అమ్మ ముసలిదై వస్తుందని, తలస్నానం చేస్తే మళ్ళీ చిన్నదవుతుందని నాలుగేళ్ళ సునీత అనుకునేది. ఏదో ఒక రోజు నీళ్ళు పోసుకున్నా తెలుపు పోదేమోనని భయపడి, గుమ్మంలోనే కూర్చోబెట్టి ఆ నూగు ఒక్కొక్కటే ఏరేది.

"ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు సార్" అంది నాతో. "మా అమ్మ మిల్లులో కూలికి పోయేదని కూడా మీకెవరికీ చెప్పలేదు గదా."

నిజమే. ఇన్నేళ్ళలో మాకు తెలియదు.

తల్లి తలకు కొప్పు పెట్టి సునీత లేచింది. మే నెల, రెండు గంటలవేళ. ఆదోనిలో ఆ వేళప్పుడు కుక్కలు కూడా నీడ విడిచి రావు. పొయ్యిలోంచి బొగ్గులు, డబ్బాలో తడి సున్నం తీసుకుని మూతపడిన మిల్లు వెనక సందుకు పోయింది. గోడ ముందు నిలబడింది. పుస్తకం లేదు, గడులు లేవు, చూపించే వేలు లేదు. మొదటి గీత పెద్దగా పడింది. తుడవాలనుకుని, గుడ్డ తేలేదని గుర్తొచ్చి, దానిమీదే సాగించింది.

సగం అయ్యేసరికి వెనక దగ్గు వినిపించింది. మిల్లు వాచ్‌మన్ సుంకప్ప.

"ఎవురమ్మా నువ్వు? ఏం చేస్తాండావు ఈడ?"

"నేను... ఉరుకుందమ్మ బిడ్డను."

సుంకప్ప కళ్ళజోడు సరిచేసుకుని గోడ వైపు చూశాడు. "ఉరుకుందమ్మనా ఇది? రెండో గేటు ఉరుకుందమ్మ?" అన్నాడు. తర్వాత సందు మొదట్లోకి పోయి, ఎవరైనా వస్తే కనపడేట్టు స్టూలు వేసుకుని అటు తిరిగి కూర్చున్నాడు.

వేసింది ఇది. గుమ్మం మెట్టు మీద ఒక పడుచుమనిషి, తల ముసలిదాని తల. ఆమె వెనక బెత్తెడు పిల్ల మునివేళ్ళ మీద లేచి ఆ తెలుపును ఏరుతోంది. ఏరినదాన్ని ఏం చేయాలో తెలియక ఇంకో పిడికిట్లో దాచుకుంటోంది. తల్లి ముఖం తల్లి ముఖంలా లేదు, నిద్రలా ఉంది. సున్నం అయిపోయాక సునీత తన వేళ్ళకు అంటినది కూడా గోడకే రుద్దింది. ఇంటికి పోయి నీళ్ళు తాగి, చాపమీద పడి సాయంత్రం దాకా నిద్రపోయింది.

నాలుగు రోజుల్లో ఆ సందులో జనం మొదలయ్యారు. మిల్లులో పనిచేసిన ఆడవాళ్ళు ముందు వచ్చారు. తమ తలలు తడుముకుంటూ నిలబడ్డారు. ఉరుకుందమ్మ కూడా కర్ర పట్టుకుని పోయి చూసి వచ్చింది.

"నా తల ఇంత తెల్లగుండేదా సునీతా?"

"అవునమ్మా."

"నువ్వు ఏరినప్పుడల్లా నిద్రొచ్చేది నాకి" అంది ఆమె.

ఆ వారం ఫోన్లలో ఆ బొమ్మ తిరిగింది. దేవేంద్ర ఎమ్మిగనూరు నుంచి ఫోను చేసి చెప్పాడు.

"ఏమ్మే, రొట్టెల హులిగమ్మ ఆదోనిలో కూడా ఏసినాదంట సూసినావా? మా గ్యారేజీలో అందురూ స్టేటస్సు పెట్టుకున్నారు. 'మన ఎమ్మిగనూరు హులిగమ్మ' అని రాసినారు. ఈసారి మునుపటికన్నా బాగేసినాది, అబ్బా!"

సునీత ఫోను పెట్టేసి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. బతుకులో మొదటిసారి తనది అనేది ఒకటి వేసింది. అది కూడా హులిగమ్మకే పోయింది. నాదేనని చెప్పుకోలేదు. అనుమతి లేకుండా పరాయి గోడ మీద వేసింది. స్కూలువాళ్ళకు తెలిస్తే ఏమంటారో. అదీకాక, తల్లి సంగతి ఊరంతటికీ చెప్పుకోవాలి. అప్పటిదాకా పడిన అసూయ అంతా ఒక ఎత్తు, ఆ రోజుది ఒక ఎత్తు అంది. హులిగమ్మ పుట్టకపోయి ఉంటే బాగుండునని ఆ రోజు పైకే అనుకుందట.

సెలవులు అయిపోయి ఎమ్మిగనూరు వచ్చిన రెండో రోజున హులిగమ్మ వచ్చింది. ఈసారి చేతిలో రొట్టెల మూట లేదు. ముఖం పీక్కుపోయి ఉంది.

"అక్కా, ఆదోని బొమ్మ నేనేసినానని ఊరంతా అంటాండారు. నేను కాదు. కాదంటే ఎవురూ నమ్మరు. నిన్న బస్సెక్కి పోయి సూసొచ్చినాను."

"ఎట్లుంది?"

"ఎట్లుంటాదేమిటి! నాకి కడుపు కాలిపోయినాదక్కా. ఆ పాప పిడికిలి సూసినావా? మూసుకున్న సెయ్యి, అయినా లోపలేముందో కనపడతాది. ఎవురో మహాతల్లి, యాడుంటాదో తెల్దు. రేతిరి నుంచి అన్నం పోలేదు నాకి. ఒకరి మీద ఇంత కుళ్ళుకుంటానని నేనెప్పుడూ అనుకోలేదు. నువ్వు సదివినదానివి, ఎవురో నీకు తెలుస్తాదని వచ్చినాను."

సునీత నెలల తరబడి కోరుకున్న మాట అది. హులిగమ్మే వచ్చి, తన గుమ్మంలో నిలబడి, తనను చూసి మండిపోతున్నానని చెబుతోంది. ఆ సంతోషం ఒక్క క్షణం నిలబడిందట.

"నేనే వేసినాను" అంది.

హులిగమ్మ నమ్మలేదు. తర్వాత సునీత ముఖం చూసి నమ్మింది. గుమ్మం పట్టుకుని మెల్లగా కూర్చుంది.

"నువ్వా? మరి..." అని ఆగింది. "అక్కా, ఆ బొమ్మలో గడుల్లేవే. తల కొలత లేదు. పాపకన్నా దాని సెయ్యే పెద్దగుండాది. మరి నాకెందుకు స్కేలు ఇచ్చినావు?"

సునీత అంతా చెప్పింది. గోదాము గుమాస్తాకు చేసిన ఫోను దగ్గర మొదలుపెట్టి, మొదటి ఆదివారం ఆమె గీత చచ్చిపోవడం తనకు కనపడిందన్న సంగతి దాకా. చెబుతున్నంతసేపూ హులిగమ్మ తన అరచేతులు చూసుకుంటూ కూర్చుంది. సున్నం కొట్టించిన మాటకు ఆమె ఏమీ అనుకోలేదు. ఆదివారాల దగ్గరికి వచ్చేటప్పటికి తలెత్తింది.

"రెండు నెలలు నాకి రాదనుకున్యా" అంది. "బొగ్గు సూస్తే సిగ్గేసేది. ఇంటాయన కూడా ఎందుకు మానేసినావు అంటే, అక్క నేర్పినాక నా తప్పులు నాకు తెలిసినాయి అని సెప్పినాను. నిన్ను దేవత మాదిరి సెప్పినాను."

సునీత మంచినీళ్ళు తెచ్చింది. హులిగమ్మ గ్లాసు అందుకోలేదు. లేచి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నాలుగు నెలలు ఆమె సునీతతో మాట్లాడలేదు. సునీత రొట్టెలకు పోతే, వేరేవాళ్ళకు ఇచ్చినట్టే కట్టి ఇచ్చేది, తల ఎత్తేది కాదు. కానీ వారానికే గోదాము గోడ మీద బొగ్గు పడింది. లారీ లోపలి నుంచి చూసినట్టు వేసింది. అంచులు పట్టుకున్న మనుషుల వీపులు, వాళ్ళ మధ్య సందుల్లోంచి చిన్నదై పోతున్న ఊరు. ఆ వీపులు చూస్తే ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు నవ్వుతున్నారో తెలిసిపోతుంది. సునీత దాని ముందు అరగంట నిలబడి ఒక్క తప్పు పట్టలేక, "దీని దుంపతెగ" అనుకుంటూ స్కూలుకు ఆలస్యంగా వచ్చింది. నేను హాజరు రిజిస్టరు దగ్గర ఉన్నాను. కారణం అడిగాను. అప్పుడే మొదటిసారి ఈ కథ మొదలుపెట్టింది.

స్కూల్లో కూడా తెలిసింది. సుంకప్ప ఎవరికో చెప్పాడు, వాళ్ళు ఇంకెవరికో చెప్పారు. కరస్పాండెంటు పిలిచి, పరాయి గోడల మీద టీచరు బొమ్మలు వేయడం మర్యాదగా ఉండదని, మానుకుంటే మంచిదని అన్నాడు. సునీత సరేనని తల ఊపి, తర్వాతి ఆదివారం ఆదోనిలో రైల్వే గేటు దగ్గర పాడుబడిన క్వార్టర్సు గోడ మీద ఇంకోటి వేసింది. మూడోదాన్ని మున్సిపాలిటీవాళ్ళు చెరిపేశారు. దాన్ని ఫోటో తీసిన వాళ్ళు లేరు. అది పోయినందుకు ఆమె ఏడవలేదు, కానీ హులిగమ్మవి మున్సిపాలిటీవాళ్ళు ముట్టుకోలేదని మాత్రం నాతో రెండుసార్లు అంది.

దీపావళికి ముందు ఒక రోజు హులిగమ్మే రొట్టెలు కడుతూ, ఎవరితోనో అన్నట్టుగా, "రైలుగేటు కాడ బొమ్మలో ఎద్దు బాలేదు" అందట. నాలుగు నెలల్లో అదే మొదటి మాట. సునీతకు ఒళ్ళు మండిపోయి, "నీ లారీలో ఊరు మటుకు బాగుందా?" అంది. అక్కడి నుంచి వాళ్ళు మాట్లాడుకుంటున్నారు. స్నేహం అనను. సునీత కొత్తది వేస్తే హులిగమ్మ బస్సెక్కి ఆదోనికి పోయి చూస్తుంది, వచ్చి బాగాలేనిదేదో చెబుతుంది. ఆమె కొత్తది వేస్తే ఈమె పొద్దున్నే గోదాము సందులో ఉంటుంది. ఇద్దరిలో ఎవరి బొమ్మ బాగుందని నేను పొరపాటున కూడా అనను. ఒకసారి అన్నాను, సునీత వారం రోజులు నాతో మాట్లాడలేదు.

మొన్న శనివారం స్కూలు అయ్యాక సైకిల్ స్టాండు దగ్గర కలిసింది. ఆదోని మార్కెట్ యార్డు వెనక వంద అడుగుల గోడ ఒకటి ఖాళీగా ఉందట, దాని మీద ఏం వేయాలో ఆరు నెలలుగా అనుకుంటోందట. పొద్దున తల్లి ఫోను చేసి, ఎమ్మిగనూరు నుంచి ఎవరో రొట్టెలామె వచ్చి ఆ గోడను అడుగులతో కొలుచుకుని పోయిందని చెప్పింది.

"కొలుచుకుని పోయింది సార్! అడుగులతో!" అంది సునీత. "రేపు ఆదివారం. ఎండ తగ్గినాక పోదామనుకున్యా. ఇంక లాభం లేదు."

సంచీలో బొగ్గు గలగలమంటుండగా ఇంటికి కూడా పోకుండా ఆదోని బస్సు కోసం బస్టాండు వైపు నడిచింది.